కంచం పక్కన తెల్ల బోర్డో

తమలపాకు తోటకు తెగులు సోకినా, నిమ్మచెట్టుకు గజ్జి పట్టినా మన రైతుకు ముందు గుర్తొచ్చే మందు బోర్డో మిశ్రమం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. ఒక శాతం మందు తయారు. ఆ బోర్డో ఫ్రాన్స్‌లో గరోన్ నది ఒడ్డున ఉన్న నగరం. 1882లో అక్కడి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మిలార్దే ఒక ద్రాక్షతోట పక్కన నడుస్తూ ఒక వింత గమనించాడు. బూజుతెగులు కొట్టి తోటంతా ఆకు రాల్చేస్తుంటే, దారి అంచున ఉన్న తీగలు మాత్రం పచ్చగా నిలిచాయి. దారిన పోయేవాళ్లు పళ్లు తెంపుకోకుండా, చూడగానే బెదిరిపోయేలా తోటవాళ్లు ఆ అంచు తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారు. దొంగలను ఆపడానికి చల్లింది తెగులును ఆపింది. ఆయన దాని మీద పరిశోధన చేసి 1885లో లోకానికి చెప్పాడు. అప్పటినుంచి ఆ ఊరి పేరు మన పొలాల్లో కూడా వాడుకమాటే.

వైన్ తాగేవాళ్లకు బోర్డో అంటే ఎర్రవైన్. ఖరీదైన సీసాలు, పెద్ద పెద్ద షాటోల (వైన్ తోటల) పేర్లు, వేలంపాటలు, అన్నీ ఎరుపు చుట్టూనే తిరుగుతాయి. అదే నేలలో, ఆ తోటల పక్కనే, రెండు తెల్లద్రాక్షలను కలిపి చేసే వైన్ ఒకటుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, వెతికి కొనేవాళ్లు ఇంకా తక్కువ. నాకు మాత్రం ఫ్రాన్స్ వైన్లలో భోజనానికి ఇంత చక్కగా అమరేది మరొకటి కనిపించలేదు. ఉత్త గ్లాసులో పోసుకుని రుచి చూస్తే ఈ వైన్ సగమే అర్థమవుతుంది. కంచంలో చేపో, ఆల్చిప్పో, చీజో పడ్డాకనే మిగతా సగం తెలుస్తుంది.

ఒకప్పుడు తెలుపుదే పైచేయి

ఇప్పుడు నమ్మడం కష్టం కానీ, 1960ల దాకా బోర్డో ప్రాంతంలో ఎరుపు కన్నా తెలుపే ఎక్కువ తయారయ్యేది. అందులో చాలా భాగం చవకరకం. కొద్దిగా తీపి, పాడవకుండా ఉండేందుకు దండిగా పట్టించిన గంధకం పొగ, మూత తీస్తే ఆ ఘాటే ముందు తగిలేది. 1956 ఫిబ్రవరిలో వచ్చిన భయంకరమైన చలికి తీగలు వేళ్లదాకా చచ్చిపోయాయి. మళ్లీ నాటాల్సి వచ్చినప్పుడు చాలామంది రైతులు ఎర్రద్రాక్ష వైపు మళ్లారు. బజారు కూడా అటే మొగ్గింది. ఇవాళ బోర్డో వైన్‌లో తెలుపు వాటా పదోవంతు దగ్గర ఆగింది. అయితే ఈ తగ్గుదలలోనే ఒక మంచి కూడా ఉంది. చవకరకం పోయి, తెల్లవైన్ అంటే నిజంగా ప్రాణం పెట్టేవాళ్ల తోటలే ఎక్కువగా మిగిలాయి.

సీసాలో ప్రధానంగా ఉండేవి సోవిన్యోన్ బ్లాన్, సెమియోన్ అనే రెండు ద్రాక్షలు. మస్కడెల్ అనే మూడోది పూలవాసన కోసం పిసరంత పడుతుంది, చాలాచోట్ల అదీ పడదు.

సోవిన్యోన్‌ది దుడుకు స్వభావం. ఏపుగా పెరుగుతుంది, ముందే పండుతుంది. పులుపు గట్టిది, వాసన ఇంకా గట్టిది. ముక్కుకు దబ్బపండు తొక్క, పచ్చిగడ్డి, కోసిన బుట్టమిరప తగులుతాయి. ఆ మిరప వాసన ఊహించుకున్నది కాదు. పచ్చి క్యాప్సికమ్‌కు ఆ వాసన ఇచ్చే పైరజీన్ రకం పదార్థమే సోవిన్యోన్ పండులోనూ ఉంటుంది. కానీ నాలుక మీద ఈ ద్రాక్షకు నిలకడ లేదు. మింగగానే నోరు ఖాళీ అవుతుంది. సెమియోన్ ఇందుకు పూర్తిగా ఎదురు. పండేకొద్దీ దాని పలచని తొక్క బంగారు రంగుకు, ఒక్కోసారి లేత రాగి రంగుకు తిరుగుతుంది. లేతగా ఉన్నప్పుడు వాసన అంతంతమాత్రం, పులుపూ తక్కువే. నోట్లో మాత్రం చిక్కగా, నునుపుగా పరుచుకుంటుంది. సీసాలో ఏళ్లు గడిచాక తేనె, మైనం, వేయించిన బాదం వాసనలు తీసుకొస్తుంది. ఒకదానికి ఉన్నది రెండోదానికి లేదు. అందుకే ఒక్కో మడి పండును విడివిడిగా పులియబెట్టి, ఆ తర్వాత గ్లాసులు వరుసగా పేర్చుకుని రుచి చూస్తూ, ఏది ఎంత కలపాలో ఆ ఏడాదికి ఆ ఏడాదే తేల్చుకుంటారు. ఎండలు ముదిరి సెమియోన్‌లో పులుపు జారిపోయిన ఏడాది సోవిన్యోన్ వాటా పెరుగుతుంది. చలి ఏడాది సెమియోన్ ఒళ్లు పోస్తుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఎర్ర బోర్డోకు అంత కీర్తి తెచ్చిన కాబెర్నే సోవిన్యోన్ ఎవరి బిడ్డో చాలాకాలం తెలియదు. 1997లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డీఎన్ఏ పరీక్ష చేసి తేల్చారు. కాబెర్నే ఫ్రాన్ అనే ఎర్రద్రాక్ష, సోవిన్యోన్ బ్లాన్ అనే ఈ తెల్లద్రాక్ష, రెండూ ఎప్పుడో ఏదో తోటలో వాటంతటవే కలిసి పుట్టిన సంకరం అది. ఎరుపు వైభవానికి తెలుపు కూడా కన్నదే.

వాసనను వెతికి పట్టినవాళ్లు

సోవిన్యోన్ పండు ఒకటి తెంపి నమిలితే మొదట పెద్దగా ఏమీ తెలియదు, తియ్యటి పుల్లటి రసమే. మింగేశాక కొన్ని క్షణాలకు గొంతు వెనకనుంచి ఆ ద్రాక్షకే సొంతమైన వాసన మెల్లగా పైకి వస్తుంది. బోర్డో పరిశోధకులు ఈ ఆలస్యం వెనక కథ ఏమిటో విప్పారు. పండులో ఆ వాసన బంధించి ఉంటుంది, మరో అణువుకు అంటుకుని, ఏ వాసనా లేకుండా. రసం పులిసేటప్పుడు ఈస్ట్ ఆ ముడి తెంపుతుంది. అప్పుడు బయటపడే గంధకపు అణువులే దబ్బపండు, పాషన్ ఫ్రూట్ వాసనలు. లీటరుకు గ్రాములో కోట్లవ వంతు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. 1990ల్లో బోర్డో విశ్వవిద్యాలయంలో ఈ పని నడిపించిన ఆచార్యుడు డెనీ దుబూర్దియు. ఆయన దగ్గర పనిచేసిన జపాన్ పరిశోధకుడు తకతోషి తొమినాగ పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

మనకు పరిచయమైన బోర్డో మిశ్రమం ఈ చోట మళ్లీ ఎదురవుతుంది. రాగి ఈ గంధకపు అణువులను పట్టుకుని వాసన లేకుండా చేసేస్తుంది. తీగను కాపాడిన మైలుతుత్తమే, పండు పక్వానికి వచ్చే రోజుల్లో ఎక్కువగా చల్లితే, సోవిన్యోన్‌ను మూగబోయేలా చేస్తుంది. అందుకే తెల్లద్రాక్ష రైతు మందు చల్లే తేదీలను అంత జాగ్రత్తగా లెక్కపెట్టుకుంటాడు.

దుబూర్దియు ప్రయోగశాలకే పరిమితమైన మనిషి కాదు. తనకూ తోటలున్నాయి. గ్రావ్ ప్రాంతంలో భార్య ఫ్లోరాన్స్ పేరునూ తన పేరునూ కలిపి క్లో ఫ్లోరిదేన్ అనే తోట పెట్టుకున్నాడు. పండు చల్లగా ఉండగానే కోయడం, తొక్కలతో కొన్ని గంటలు నానబెట్టి వాసన దింపడం, చల్లటి ఉష్ణోగ్రతలో పులియబెట్టడం, అడుగున చేరిన ఈస్ట్ మడ్డిని తీసేయకుండా కర్రతో కలియబెడుతూ వైన్‌కు చిక్కదనం తేవడం, వీటిలో కొన్ని పాత పద్ధతులే. వాటిని ఎప్పుడు, ఎంతవరకు చేయాలో కారణాలతో సహా చెప్పింది ఆయన. 2016లో పోయాడు. ఇవాళ శుభ్రంగా, తాజాగా ఉన్న ఏ చిన్న తోట తెల్ల బోర్డో తాగినా అందులో ఆయన పాలు ఉంది.

రెండు నదుల మధ్య, ఆల్చిప్పల పక్కన

గరోన్, డోర్డోన్య నదులు బోర్డోకు దిగువన కలిసి జిరోండ్ అనే విశాలమైన నదీముఖంగా సముద్రంలోకి పోతాయి. ఈ రెండు నదుల మధ్య ముక్కోణపు నేల పేరు ఆంత్ర్ ద మేర్, అంటే రెండు సముద్రాల మధ్య అని. సముద్రపు పోటు నదుల్లోకి ఎంతో లోపలికి ఎదురెక్కి వస్తుంది కనుక వాటిని సముద్రాలుగానే లెక్కగట్టారు. గోదావరి పాయల మధ్య కోనసీమ గుర్తొస్తుంది, అయితే ఇక్కడ నేల పల్లం కాదు. గుట్టలు, అడవి తునకలు, బంకమన్ను, సున్నపురాయి. 1937లో ఆంత్ర్ ద మేర్ అన్న పేరు తెల్లవైన్ గుర్తింపుగా చట్టంలోకి ఎక్కింది. ఆంద్రే లుర్తోన్ అనే పెద్దరైతు తన షాటో బోనేతో ఈ ప్రాంతపు వైన్‌ను దేశదేశాలకు పంపాడు. ఇక్కడి వైన్ పీపాల ముఖం చూసేది తక్కువ. స్టీలు తొట్టెల్లో పులిసి, మరుసటి వసంతానికే సీసాలోకి చేరుతుంది. సోవిన్యోన్ ముందుంటుంది, సెమియోన్ వెనక నిలబడి అంచులు నునుపు చేస్తుంది. ధర కూడా సామాన్యుడికి అందేదే.

ఈ వైన్‌కు అసలైన జోడీ బోర్డోకు పడమరగా, అట్లాంటిక్ పక్కన ఉన్న ఆర్కషోన్ అఖాతంలో దొరుకుతుంది. అక్కడ ఆల్చిప్పల పెంపకం పెద్ద వృత్తి. వేసవిలో ఇంటికప్పు పెంకులకు సున్నం, ఇసుక కలిపి పూత పూసి నీళ్లలో దించుతారు. నీటిలో తేలుతున్న చిప్పపిల్లలు వచ్చి ఆ సున్నానికి అతుక్కుంటాయి. కొన్ని నెలలయ్యాక గీకి తీసి సంచుల్లో పెంచుతారు. 1970 ప్రాంతంలో జబ్బు చేసి పాతరకం చిప్పలన్నీ తుడిచిపెట్టుకుపోతే, జపాన్ రకాన్ని తెచ్చి వృత్తిని నిలబెట్టుకున్నారు. ఇప్పుడు తినేవి ఆ సంతతివే.

ఒడ్డున పెంపకందారుల చెక్క గుడిసెలుంటాయి. వాటి ముందు బల్లల మీదే వడ్డన. పళ్లెంలో డజను చిప్పలు, పొట్టి కత్తితో కీలు దగ్గర తిప్పి తెరిచినవి, లోపల సముద్రపు నీరు ఇంకా మెరుస్తూ. పక్కన నిమ్మచెక్క, రై రొట్టె, ఉప్పు వెన్న. చాలాచోట్ల ఇంకొకటి కూడా వస్తుంది, బయటివాళ్లకు వింతగా తోచేది. క్రెపినెట్ అంటారు. పందిమాంసం కైమాను పలచని కొవ్వుపొరలో బిళ్లలా చుట్టి నిప్పుల మీద కాల్చింది. తినే వరుస ఇదీ. చల్లటి చిప్ప ఒకటి నీళ్లతో సహా నోట్లోకి. వెంటనే సుర్రుమనే మాంసం ముక్క ఒకటి. ఆపైన ఒక గుక్క ఆంత్ర్ ద మేర్. ఉప్పు, చలువ, కొవ్వు, వేడి అన్నీ నోట్లో పేరుకున్నాక, వైన్‌లోని పులుపు వచ్చి మొత్తం కడిగేస్తుంది. నాలుక మళ్లీ మొదటి చిప్పకు సిద్ధం. నిమ్మకాయ పిండనక్కర్లేదు, ఆ పని వైన్ చేసిపెడుతుంది. నా మాటైతే నిమ్మచెక్కను పళ్లెంలోనే వదిలేయండి.

ఇదే చిప్పల పక్కన ఎర్రవైన్ పెడితే నోరంతా నీచువాసన, ఇనుప చెంచా నాకినట్టు. దీనికీ కారణం దొరికింది. 2009లో జపాన్ పరిశోధకులు ఎండబెట్టిన స్కాలప్ చిప్పమాంసాన్ని రకరకాల వైన్లలో నానబెట్టి చూశారు. వైన్‌లో కరిగిన ఇనుము ఎంత ఎక్కువైతే నీచు అంత ఎక్కువ వచ్చింది. ఎర్రవైన్లలో అది ఎక్కువగా కనిపించింది. చేపకు తెల్లవైన్ అన్న పాత వాడుక ఉత్త పెద్దింటి మర్యాద కాదన్నమాట.

ఆంత్ర్ ద మేర్‌కు మరో రెండు మంచి జోడీలున్నాయి. ఒకటి మేకపాల చీజ్, తాజాగా, సుద్దలా పొడిపొడిగా విరిగేది. దాని పులుపూ వైన్ పులుపూ సరిసమానం, ఒకటి రెండోదాన్ని తొక్కేయదు. రెండోది ఆస్పరాగస్ కాడలు. జిరోండ్ కుడి ఒడ్డున బ్లే ప్రాంతం వీటికి పేరుపడింది. ఆస్పరాగస్ చాలా వైన్ల రుచిని లోహంలా, చేదుగా మార్చేస్తుంది. పచ్చివాసన తనలోనే ఉన్న సోవిన్యోన్ మాత్రం దానికి బెదరదు.

గులకరాళ్ల తోటలు, వెన్న చేపలు

నది దాటి ఎడమ ఒడ్డుకు, నగరానికి దక్షిణంగా వస్తే నేల మారిపోతుంది. గరోన్ యుగాల కింద మోసుకొచ్చి పరిచిన గులకరాళ్లు. గ్రావ్ అన్న పేరు వాటినుంచి వచ్చిందే. ఇందులో నగరానికి ఆనుకుని ఉన్న మేలైన భాగానికి 1987లో పెస్సాక్ లెయోన్యాన్ అని ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు. దాని కోసం ఏళ్లతరబడి పోరినవాళ్లలో ముందున్నది ఇంతకుముందు చెప్పిన ఆంద్రే లుర్తోనే. బోర్డోలో తెలుపు, ఎరుపు రెండింటికీ పేరుపడ్డ నేల ఇది. ఓ బ్రియోన్, దొమేన్ ద షెవాలియే, కార్బోన్యూ వంటి తోటలు రెండూ చేస్తాయి.

ఇక్కడ ద్రాక్షరసం 225 లీటర్ల ఓక్ పీపాల్లోనే పులుస్తుంది. మడ్డి మీదే నెలల తరబడి ఉంటుంది. అలా వచ్చిన వైన్ లేతగా ఉన్నప్పుడు బిగుసుకుని, ఏమీ చెప్పకుండా ఉంటుంది. అయిదారేళ్లకు విప్పారుతుంది. మంచి ఏడాది, మంచి తోట అయితే ఇరవై ఏళ్లు నిలుస్తుంది. ఆ వయసులో మాట్లాడేది సెమియోనే. కొందరు కొత్తతరం వాళ్లు సెమియోన్‌ను తగ్గించి సోవిన్యోన్ ఒక్కదానితోనే మెరుపు తేవాలని చూస్తున్నారు. మొదటి రెండేళ్లూ అది గెలిచినట్టే కనిపిస్తుంది. పదేళ్ల సీసా తీసి చూస్తే తేడా తెలుస్తుంది. సెమియోన్ తగ్గితే బోర్డో తెలుపుకు తనదంటూ ఏమీ మిగలదు, న్యూజిలాండ్ సోవిన్యోన్‌తో పోటీలో ఇంకో సీసా అవుతుంది. ఈ మాట గట్టిగానే అనాలనిపిస్తుంది.

ఈ వైన్ పక్కన ఆల్చిప్పలు పెడితే చిప్పలు చిన్నబోతాయి. దీనికి బరువున్న వంట కావాలి. పిండి అద్ది వెన్నలో వేయించిన సోల్ చేప, వెన్న కాగి గోధుమరంగుకు తిరిగి ఇగురుతున్నప్పుడు తీసినది. ఎండ్రకాయ, లాబ్‌స్టర్. మీగడ పోసి వండిన కోడి. శరత్కాలంలో ఆ అడవుల్లో దొరికే సెప్ పుట్టగొడుగులు, వెల్లుల్లి, పార్స్‌లీతో వేయించినవి. వెన్నకు ఓక్ పీపా ఇచ్చిన కమ్మదనం తోడు, మాంసపు తీపికి సెమియోన్ తోడు. అంత బరువు మీద పడ్డా నోరు మొద్దుబారకుండా ఉండటానికి సోవిన్యోన్ పులుపు ఉండనే ఉంది.

బూజు పట్టిన బంగారం

ఇంకొంచెం దక్షిణాన, సిరోన్ అనే చిన్న ఏరు గరోన్‌లో కలిసే చోట, ఇవే ద్రాక్షలు మూడో రూపం ఎత్తుతాయి. సిరోన్ నీళ్లు చల్లన, గరోన్ నీళ్లు వెచ్చన. శరత్కాలపు ఉదయాల్లో అక్కడ పొగమంచు లేస్తుంది, మధ్యాహ్నానికి ఎండ కాసి ఆరబెడుతుంది. ఆ తడికి బోట్రైటిస్ అనే బూజు సెమియోన్ పలచని తొక్కలోకి చొచ్చుకుపోతుంది. పగటి ఎండ లేకపోతే అది పండును కుళ్లబెడుతుంది, ఉంటే లోపలి నీటిని ఆవిరిచేసి తీపినీ పులుపునూ చిక్కబరుస్తుంది. గుత్తిని దగ్గరగా చూస్తే తినబుద్ధి కాదు. కొన్ని పళ్లు బంగారంలా, కొన్ని ఊదాగా, కొన్ని బూడిద నూగుతో ముడుచుకుపోయి ఉంటాయి. కోతవాళ్లు ముడుచుకున్నవాటినే ఏరి, మిగతావి వదిలి, మళ్లీ కొన్నాళ్లకు వస్తారు. అలా ఒకే తోటలో వారాలపాటు అయిదారు విడతలు. ఇదే సోటెర్న్. 1855లో బోర్డో తోటలకు చేసిన వర్గీకరణలో మిగతా సోటెర్న్ తోటలన్నిటికీ పైన విడిగా నిలబెట్టిన షాటో డికెమ్‌లో తీగకు ఒక గ్లాసు వైన్ వస్తే వచ్చినట్టు. పండు నచ్చకపోతే ఆ ఏడాది ఆ పేరుతో వైనే ఉండదు. 1992లో, 2012లో అలాగే మానుకున్నారు.

దీన్ని భోజనం చివర మిఠాయితో ఇవ్వడం అలవాటైంది. తీపి మీద తీపి పడి రెండూ చప్పబడతాయి. దీనికి ఉప్పు కావాలి. గొర్రెపాలతో చేసి గుహల్లో మాగబెట్టిన రొక్‌ఫోర్ చీజ్, నీలిబూజు చారలతో, నాలుక చురుక్కుమనేంత ఉప్పగా ఉండేది, దాని పక్కన సోటెర్న్ పెట్టి చూడాలి. రెండూ బూజు పుణ్యమే. అక్కడి తోటల ఇళ్లలో వేయించిన కోడితో కూడా తాగుతారు, కరకరలాడే తోలు ఉప్పుకు ఈ తేనెరుచి భలే పొసుగుతుంది.

మన వంటింట్లో

ఫ్రాన్స్‌లోనో, లండన్‌లోనో, బెంగళూరులోనో ఉంటున్న తెలుగువాళ్లు ఈ సీసా కొని ఇంటికి తెచ్చుకుంటే ఏం వండాలి? రెండు సూత్రాలు పట్టుకుంటే చాలు. కూర పులుపు వైన్ పులుపును మించకూడదు, మించితే వైన్ నీళ్లలా అయిపోతుంది. కాబట్టి గోంగూర, చింతపండు చేపల పులుసు, మామిడికాయ పప్పు దీనికి కుదరవు. వాటికి మజ్జిగే సరైన తోడు. రెండోది కారం. నాలుక మీద కారాన్ని మంటగా చెప్పే నరాల్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. గుంటూరు మిరప ఘాటు మీద వైన్ పోస్తే మంట పెరుగుతుందే కానీ తగ్గదు.

మిగిలింది తక్కువేమీ కాదు. పసుపు, ఉప్పు, మిరియం, కరివేపాకు పట్టించి పెనం మీద కాల్చిన వంజరం ముక్కకు ఆంత్ర్ ద మేర్ చక్కగా నప్పుతుంది. కరివేపాకు, కొత్తిమీర పచ్చివాసనలు సోవిన్యోన్‌తో కలిసిపోతాయి. కొబ్బరిపాలు పోసి, పచ్చిమిర్చి తగ్గించి వండిన రొయ్యల కూరకు సెమియోన్ ఎక్కువ పాలున్న గ్రావ్ బాగుంటుంది. నెయ్యిలో మిరియాలతో వేయించిన పీతమాంసం దొరికితే మంచి పెస్సాక్ లెయోన్యాన్ సీసాను ఆ రోజుకు దాచుకోవచ్చు. సన్నకారంతో చేసిన కోడివేపుడుతో చల్లటి సోటెర్న్ ఒక్కసారి ప్రయత్నించండి. తీపి ఆ కారాన్ని అణుస్తుంది.

కొనేటప్పుడు సీసా వెనక ద్రాక్షల పాళ్లు రాసి ఉంటే చదవండి. సోవిన్యోన్ ఎక్కువైతే చిప్పలు, చేప, మేకపాల చీజ్. సెమియోన్ పెరిగి ఓక్ పీపా ప్రస్తావన ఉంటే వెన్న, మీగడ, పీత. ఆంత్ర్ ద మేర్‌ను 8 నుంచి 10 డిగ్రీల చలువలో, రెండు మూడేళ్లలోపు తాగేయాలి. దాచితే తాజాదనం పోతుంది, దాని సొగసంతా ఆ తాజాదనమే. పెస్సాక్ లెయోన్యాన్‌కు 12 డిగ్రీలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీయగానే పోస్తే దాని వాసన ముడుచుకుపోతుంది, వడ్డనకు పావుగంట ముందే తీసి బల్ల మీద పెట్టండి. ఈలోగా చేప పెనం మీద వేయవచ్చు.